ఊడిపోతున్న డొమైన్ పేరు

మా అన్న భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసేవాడు. తీరిక దొరికితే రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు పోగుచేసేవాడు. జనగామలో వెబ్‌సైట్లు చేసుకుని బతికే నేను వాటిని ఒక సైటుగా పెట్టి, సొంత డొమైన్, అంటే సైటుకంటూ ఒక అడ్రసు, కొనిచ్చాను. ఆ అడ్రసు అచ్చేయించి మహబూబాబాద్ దాకా దవాఖానల గోడలకు తనే అతికించి వచ్చాడు. సైట్లో మొదటి పేరు తనదే.

అన్న ఫోన్‌లో పేరు చేర్చి సేవ్ చేస్తే చాలు, సైటు దానంతటదే కొత్తగా తయారై నెట్‌లోకి ఎక్కేలా ఏర్పాటు చేశాను. కానీ అలా ఎక్కిన ప్రతిసారీ డొమైన్ పేరు ఊడిపోయి, ఆ అడ్రసుకు సైటు తెరుచుకునేది కాదు. ఆ పేరు రాసిన చిన్న ఫైలును మిగతా ఫైళ్లతో కలిపి పెట్టాలి. లేకపోతే కొత్త కాపీ పాతదాన్ని తుడిచేసినప్పుడు అదీ పోతుంది. ఐదు నిమిషాల పని. నేను చేయలేదు.

"తమ్మీ, సైటు మల్ల వస్తలేదురా" అని అన్న ఫోన్ చేసేవాడు. నేను విసుక్కుంటూ సెట్టింగుల్లో పేరు మళ్లీ టైపు చేసేవాణ్ని. బయటివాళ్ల పని నీటుగా చేసి, ఇంట్లోవాళ్లది రేపు చూద్దాంలే అనుకునే రకం నేను.

ఈ వానాకాలం అన్న గుండె ఆగి పోయాడు. జఫర్‌గఢ్ దగ్గర మా ఊరికి తీసుకొచ్చాం. నాకు ఏడుపు రాలేదు. టెంటు వేయించాను, వచ్చినవాళ్లకు చాయ్ ఇప్పించాను. ఒళ్లంతా మొద్దుబారిపోయింది.

మూడో రోజు అన్న పేరున వండి, కాకులు ముట్టాలని పిట్టకు పెట్టాం. ఒక్క కాకీ ముట్టలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక ఉండిపోయిందంటారు కదా, అందరూ మాటలివ్వడం మొదలుపెట్టారు. "పిల్లల ఫికర్ వద్దు కొడుకా, మేమున్నం" అన్నాడు బాపు. కాకి రాలేదు. "నువ్వు గూడ ఏమన్న చెప్పు" అంది వదిన నాతో.

"అన్నా, నీ సైటు ఆగది. అడ్రసు పోకుండ చేస్త" అన్నాను. అందరి ముందూ సిగ్గేసింది.

కాసేపటికి కాకి వచ్చి ముట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఫైలు చేర్చాను. సేవ్ చేయబోతుంటే వదిన అన్న ఫోన్ పట్టుకుని వచ్చింది.

"ఆయన నంబరు తీసెయ్యి తమ్మీ. రక్తం కావాలని చేస్తున్నరు. ఎంతమందికని లేడని చెప్పాలె?"

అన్న పేరున్న లైను కూడా తీసేసి సేవ్ చేశాను. నిమిషంలోపే పని అయిందని ఆకుపచ్చ టిక్కు వచ్చింది. అడ్రసు కొట్టి చూశాను. మొదటిసారి ఊడిపోకుండా సైటు తెరుచుకుంది. రెండో పేరు పైకి జరిగి మొదటిదైంది. అన్న ఉన్నచోట ఖాళీ అయినా మిగల్లేదు.

"అయిందా?" అని వదిన అడిగింది. అయిందని చెప్పబోయాను. అప్పుడు ఏడ్చాను.