అత్త తోలిన బాతులు

నాకు ఓపిక తక్కువ. పిట్టలు చూసేవాళ్ళకు ఉండకూడని జబ్బు అది. అయినా నిరుడు మా అండమాన్‌లోని అబర్డీన్ బజార్లో బైనాక్యులర్ కొన్న దగ్గర్నుంచీ నాకు ఆ పిచ్చి పట్టుకుంది. కొంగలు, ఉల్లంకులు, నీటికోళ్ళు అన్నీ చూశాను. అండమాన్ టీల్ అనే బాతు మాత్రం చిక్కలేదు. గోధుమరంగు ఒళ్ళు, కంటి చుట్టూ తెల్లటి సున్నా. మా దీవుల్లో తప్ప ఇంకెక్కడా పెద్దగా కనబడదంటారు. ఇక్కడే పుట్టి పెరిగి మా ఊరి బాతును చూడలేదంటే నాకు తలకొట్టేసినట్టుండేది. మూడు శనివారాలు సిప్పీఘాట్ నీటిమడుగుల దగ్గరికి వెళ్ళాను, మూడుసార్లూ దోమకాట్లే దక్కాయి. ఫిబ్రవరి అయిపోవస్తోంది. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గితే అవి ఎటు పోతాయో ఎవరికి తెలుసు?

నాలుగో శనివారం తెల్లవారుతుండగా బయల్దేరబోతుంటే, మా మేనత్త అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి.

"నానూ వస్తానే. మన మడి కాడికే కదా ఎల్తన్నావు?"

నేను పిట్టలు చూసే ఆ నీళ్ళ కింద ఉన్నది మా వరిమడే. సునామీ రోజు అక్కడ నేల కుంగింది. లోపలికొచ్చిన ఉప్పునీరు మళ్ళీ వెనక్కి పోలేదు. ఆ తర్వాత మిన్నీ బేలోని మా ఇంట్లో ఉంటున్న ఇన్నేళ్ళలో అత్త ఒక్కసారీ అటు తొంగిచూడలేదు. అక్కడికి వచ్చి ఏడుస్తుందేమో, ఇక నా బాతు సంగతి గంగలో కలిసినట్టేనని భయపడ్డాను. స్వార్థమే, ఒప్పుకుంటున్నాను.

ఆటోలో అత్త కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. "భయ్యా, ఇక్కడే రోకో" అని నేను అనేదాకా కళ్ళు తెరవలేదు.

ఏడవలేదు. ఎండిపోయిన కొబ్బరి మొద్దులు నీళ్ళలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటిని చూపించి, "ఆ జంట మొద్దులు సూడు. దాని ఎనకాలే మన మడి" అంది గట్టిగా.

"అబ్బా, చుప్ అత్తా! కదలకు, మాట్లాడకు."

గట్టు మీద కూర్చున్నాం. అరగంట గడిచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అంతలో తుంగలోంచి ఒక బాతు మెల్లగా ఈదుకుంటూ బయటికొచ్చింది. బైనాక్యులర్ ఎత్తాను. కంటి చుట్టూ తెల్లటి సున్నా! ఊపిరి బిగబట్టి గుసగుసగా అన్నాను.

"అత్తా, బాతు! అదిగో, మన మడిలోనే!"

అంతే. అత్త దిగ్గున లేచి రెండు చేతులూ చరిచి కేకేసింది.

"హోయ్! హో హో హోయ్!"

బాతు లేచిపోయింది. "ఏం పని అత్తా ఇది! బుద్ధుందా నీకు?" అని పెద్దంతరం చిన్నంతరం లేకుండా అరిచేశాను. నా మాట పూర్తికాకముందే తుంగంతా దడదడలాడింది. ఒకటి కాదు, రెండు కాదు! పదిహేను, ఇరవై, ముప్పై... రెక్కల మీద తెల్ల మచ్చలు మెరుస్తూ మా నెత్తి మీదుగా లేచాయి. అన్నీ అవే! నేను గట్టు మీద చిన్నపిల్లలా గెంతాను.

అత్త మాత్రం తన చేతులకేసి చూసుకుంటోంది.

"అరే, నోటంట వచ్చేసినాదే. వరి పాలు పోసుకుందంటే నాకు నిద్దరుండేదా? పొద్దత్తమానం ఇక్కడే, ఇలాగే తోలేదాన్ని."

నిజమే. నా చిన్నతనంలో ఈ గట్టు మీద వినబడింది ఆ కేకే. ఇన్నేళ్ళలో గొంతు సన్నబడింది కానీ కేక మారలేదు.

గుంపు మడ అడవి మీదుగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఇటే మళ్ళింది. "వస్తున్నాయి అత్తా, మళ్ళీ వస్తున్నాయి!" అంటూ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. జంట మొద్దుల వెనక ఒక్కొక్కటే దిగుతుంటే అత్త ఒళ్ళంతా బిగుసుకుంది. మళ్ళీ కేక రాకుండా చప్పున చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరి బాతు దిగేదాకా తియ్యలేదు. కళ్ళు మాత్రం కారిపోతూనే ఉన్నాయి.

నేను బైనాక్యులర్ ఆమె చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది.

"తిననీయే," అంది రహస్యంగా. "తోలడానికి మన వరేటుంది ఇక్కడ?"