గ్రైండర్ కొన్నవాళ్లకు పిన్ని పాటలు

మా పిన్ని పాటలు రాసుకుని తనే బాణీలు కట్టుకునేది. కూకట్‌పల్లిలో మా కాలనీ పేరంటాల్లో పాడి పాడి, తొంభైల చివర్లో ఒక క్యాసెట్ తేవాలని పట్టుబట్టింది. రికార్డింగు ఖర్చుకు బాబాయి ఒప్పుకున్నాడు. కాపీలు తీయించడానికి మాత్రం ఎవరైనా ప్రకటన ఇవ్వాల్సిందే. డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్న నన్ను మోపెడ్ నడపమని వెంటబెట్టుకుంది.

ముందు మాదాపూర్ వెళ్లాం. రాళ్లగుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. కంప్యూటర్ కోర్సులు నేర్పే ఒకచోట మేనేజరు పాట వినకుండానే, "ఎంతమంది వింటారు మేడమ్?" అని అడిగాడు.

"ఇంకా రాలేదు కదండీ, రాగానే వింటారు," అంది పిన్ని.

ఆయన నవ్వి, మంచినీళ్లిప్పించి పంపేశాడు. బయటికొచ్చాక పిన్ని మోపెడ్ ఎక్కుతూ, "అతనడిగింది తప్పు కాదే. పాట ఎవరిళ్లకు వెళ్తుందో మనమే చెప్పాలి," అంది.

మర్నాడు బాలానగర్ పోనిమ్మంది. అక్కడ ఇడ్లీపిండి రుబ్బే గ్రైండర్లు తయారుచేసే చిన్న కార్ఖానా ఉంది. మా ఇంట్లోదీ అక్కడిదే. యజమాని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమైందమ్మా, ఖరాబైందా?"

"లేదండీ. అది తిరుగుతున్నంతసేపూ నేను బాణీలు కట్టుకుంటాను. ఆ మోతలో ఎలా పాడినా ఎవరికీ వినపడదు కదా!"

ఆయన పకపకా నవ్వాడు. "మోత ఎక్కువైందని తిట్టేటోళ్లే గాని, గిట్ల చెప్పినోళ్లు లేరమ్మా. ఏదీ, జర పాడు."

పిన్ని పాడింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"దసరాకి మీరమ్మే ప్రతి గ్రైండర్‌తో ఒక క్యాసెట్ కానుకగా ఇవ్వండి. అట్ట మీద మీ ప్రకటన వేస్తాం," అంది పిన్ని.

"పాట నడుమ నా కంపెనీ పేరు చెప్తవా?"

"చెప్పనండి. వినేవాళ్లకి చిరాకు."

"నిజమే, నాగ్గూడ చిరాకే. అట్లనే కానియ్."

క్యాసెట్లు ఇల్లిల్లూ చేరాయి. అట్ట మీద మా చిరునామా ఉండటంతో, కొన్నాళ్లకు గ్రైండర్ బెల్టు తెగిందనీ రాయి అరిగిందనీ ఆడవాళ్లు మా గేటు తట్టడం మొదలుపెట్టారు.

"మనమేమన్నా మెకానిక్కులమా పిన్నీ?" అని విసుక్కున్నాను.

"పాట విన్నవాళ్లే వస్తున్నారే! కాఫీ పెట్టు," అనేది. వాళ్ల ఫిర్యాదు కార్ఖానాకు ఫోన్‌లో చెప్పి, ఏ పాట నచ్చిందని మెల్లగా అడిగేది.

అలా బెల్టు కోసం వచ్చిన హఫీజ్‌పేట్ ఆవిడ, వారం తర్వాత కుంకుమ భరిణెతో వచ్చింది. "అక్కా, మా కొత్తింట్ల నువ్వే పాడాలె. ఫికర్ చెయ్యకు, ఆటో పంపిస్త."

గృహప్రవేశంలో పిన్ని పాట విన్నాక, బట్టల కొట్టు నడిపే ఆ ఇంటాయన తర్వాతి క్యాసెట్‌కు తనే ప్రకటన ఇస్తానన్నాడు. పిన్ని వెంటనే తలూపలేదు. "ముందు ఈ క్యాసెట్ మొత్తం వినండి. నచ్చితేనే ఇవ్వండి," అంది.

మేం భోజనాలు చేస్తుండగా ఆయన పక్కగదిలో టేప్‌రికార్డర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండో వైపు సగంలో ఉండగానే లేచొచ్చి, పిన్ని విస్తరిలో తనే ఇంకో బూరె వడ్డించాడు.