బుడగల సీసాకు వచ్చిన మెమో

కొత్త నవజాత శిశువుల వార్డు ప్రారంభోత్సవానికి అందరికీ పిలుపులు వెళ్లాయి. నాకు రాలేదు. ఆ ఆసుపత్రిలో మొదటి బుడగల సీసా పెట్టింది నేను. పెట్టినందుకు మెమో తీసుకున్నదీ నేనే.

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు కోనసీమలోని ఒక ప్రభుత్వాసుపత్రికి పిల్లల వైద్యుడిగా బదిలీ అయ్యాను. నెలలు నిండని బిడ్డ పుడితే వెంటనే కాకినాడ పెద్దాసుపత్రికి పంపెయ్యాలని సూపరింటెండెంటుగారి ఉత్తర్వు. ఆయన ఎముకల డాక్టరు.

రాజోలు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఏడో నెలలోనే ఆడపిల్లను కన్నది. బిడ్డ ప్రతి ఊపిరికీ మూలుగుతోంది. పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. అంత చిన్న ఊపిరితిత్తుల్లో గాలి గదులను తెరిచి ఉంచే పల్చని పొర ఇంకా సరిగా తయారవదు. ఊపిరి వదిలినప్పుడల్లా గదులు అతుక్కుపోతాయి. మళ్లీ తెరవడానికి కొత్త బెలూను ఊదినంత కష్టం. అలాంటి బిడ్డను అంబులెన్సు ఎక్కిస్తే దారిలోనే అలిసిపోతుంది. పంపనన్నాను.

ఆక్సిజన్ కలిపిన గాలిని ముక్కు గొట్టాల గుండా ఇచ్చి, బయటికొచ్చే గొట్టం చివరను సీసా నీళ్లలో ముంచాం. గొట్టం ఎంత లోతు మునిగితే అంత ఒత్తిడి. గాలి గదులను మూసుకోనివ్వనిది ఆ ఒత్తిడే.

సూపరింటెండెంటుగారు గుమ్మంలో నిలబడి, "ఏవండీ డాక్టరుగారూ, అక్వేరియం బాగుందండి. చేపలెప్పుడు వేస్తారు?" అన్నారు. సిస్టర్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే. సాయంత్రానికి మెమో వచ్చింది: ఉత్తర్వును ఎందుకు ధిక్కరించారు? రాతపూర్వకంగా వివరణ ఇవ్వండి.

బిడ్డ తాతగారు రొయ్యల చెరువుల మనిషి. బుడగలు ఆగితే పిలవమని ఆయనకు చెప్పాను.

"ఆయ్, అది నాకు చెప్పాలాండి? చెరువులో గాలి కొట్టే ఏరేటరు ఆగితే రొయ్య చచ్చి తేలిపోద్దండి. కన్నార్పనండి" అన్నారు.

మర్నాడు ఆయన కేక విని పరుగెత్తాను. సీసాలో బుడగలు లేవు. బిడ్డ తల తిప్పడంతో ముక్కు గొట్టం జారిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. గొట్టం సరిచేసి, గడ్డం పట్టి నోరు మూసి ఉంచాను. సీసా మళ్లీ కళపెళలాడింది.

"ఆడుతుందండీ, ఆడుతుంది!" అని తాతగారు అరిచారు.

క్రమంగా మూలుగు ఆగింది. ఒత్తిడి తగ్గిస్తూ వచ్చి, కొన్నాళ్లకు గొట్టం తీసేశాను. బిడ్డ సొంతంగా ఊపిరి తీసుకుంది. తర్వాత గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు సూపరింటెండెంటుగారి గదిదాకా వినిపించాలని వార్డు తలుపులు నేనే బార్లా తెరిచాను.

నేను నేర్చుకున్నది ఇది: నెలలు నిండని ఊపిరితిత్తులకు ముందు ఒత్తిడి కావాలి. ప్రయాణం మాట బిడ్డ కుదుటపడ్డాకే. తర్వాత ఉత్తర్వునూ అలాగే మార్చారు. నా మెమోను మాత్రం రద్దు చెయ్యలేదు.

సూపరింటెండెంటుగారూ, నా వివరణ అప్పుడే ఇచ్చాను. మీరూ రిటైరయ్యారు, తీరికగానే ఉంటారు. నేను చేసింది తప్పా, ఒప్పా? రాతపూర్వకంగా జవాబివ్వండి.