ఉఖా దేవి థునేర్ చెట్లు

హిమాలయాల్లోని నీతీ లోయలో చలి ముదిరేలోగా ఊరంతా తలుపులకు తాళాలు వేసి కిందికి దిగిపోతుంది. మంచు కరిగాక మళ్లీ ఎక్కుతుంది. ఉఖా దేవి అలా ఎక్కి దిగడం మొదలుపెట్టి అరవై ఏళ్లు దాటింది. ఊళ్లో ఎవరికి దగ్గు పట్టినా థునేర్ చెట్టు బెరడు కోసం ఆమె గడపే తొక్కుతారు. ఉప్పూ వెన్నా వేసి ఎర్రగా కాచిన ఆ బెరడు టీ ఎవరికి ఎంత ఇవ్వాలో, గర్భిణికి ఎందుకు ఇవ్వకూడదో, ఆకు మేసిన పశువు ఏమవుతుందో ఆమెకు తెలుసు. బెరడు తీసే పద్ధతి అత్తగారు నేర్పింది. కౌగిలిలో ఇమిడే చెట్టును ముట్టుకోకూడదు. పెద్ద చెట్టుకైనా ఒకవైపే, నాలుగు వేళ్ల వెడల్పున తీసి, గాయానికి మట్టి మెత్తాలి. తొమ్మిదేళ్ల దాకా మళ్లీ ఆ చెట్టు జోలికి పోకూడదు.

ఆ ఏడు తిరిగొచ్చేసరికి పై అడవిలో పదకొండు థునేర్లు చుట్టూతా బెరడు పోయి నిలబడి ఉన్నాయి. క్యాన్సర్ మందు పేరుతో పట్నంలో దానికి గిరాకీ. ఊరు ఖాళీ కాగానే, మంచు పడకముందే ఎవరో ఒలుచుకుపోయారు.

అటవీ గార్డు దర్బాన్ సింగ్ కాగితం పట్టుకుని నేరుగా ఉఖా ఇంటికే వచ్చాడు. బెరడు తీసేది ఆమేనని లోయంతా ఎరుగును. తప్పు ఒప్పుకుని వేలిముద్ర వేసి, ఇక అడవిలో అడుగు పెట్టకుండా ఉంటే కేసు ఉండదన్నాడు.

ఆమె అతణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కింది. అతను మూడుచోట్ల ఆగి ఆయాసపడితే, జీపు ఇక్కడిదాకా రాదు కాబోలని నవ్వింది. పాత చెట్ల మీద మానిపోయిన మచ్చలు చూపించి, ఒక్కోదాని మీదా తన నాలుగు వేళ్లు ఆనించింది. తర్వాత ఒలిచిన చెట్టు ముందు నిలబెట్టింది.

"అవి నావి. వాటికి వేలిముద్ర వేస్తా, రాసుకో. ఇది నాది కాదు."

"పైవాళ్లకు ఎవరిదో ఒక పేరు కావాలి పెద్దమ్మా. నన్నేం చేయమంటావు?"

"దొంగను వెతుకు నాయనా. ముసలిదాన్ని పట్టుకుంటే చెట్టుకు తోలు మొలుస్తుందా?"

అయినా అడవిలోకి రావద్దనే అన్నాడు, ఈసారి నేలచూపులు చూస్తూ. ఇంట్లో ఆమె మరదలు నాలుగు రోజులుగా దగ్గుతోంది. ఉఖా నడికట్టులోంచి కత్తి తీసింది. అతని కళ్లముందే ఒక లావాటి చెట్టుకు కొలత పెట్టి, ఒక్క పట్టీ తీసి, మట్టి మెత్తింది.

"ఇప్పుడు రాయి కేసు. ఎంత తీశానో కూడా రాయి. ఎక్కడికి పిలిచినా వస్తా."

దర్బాన్ కేసు రాశాడు. ఉఖా ఆ వేసవంతా పట్టపగలే, అతని చౌకీ ముందు నుంచే అడవికి వెళ్లింది.