తెగాల్సిన దారం

ఉత్తరీయమంటే భుజాన వేసుకునే కండువా అనుకుంటారు చాలామంది. మా కతోలికులకు అది అరచేతిలో ఇమిడిపోయే రెండు గోధుమరంగు ఉన్ని గుడ్డముక్కలు. రెండింటినీ దారాలతో కలుపుతారు. ఒకటి గుండెల మీద, ఒకటి వీపు మీద పడేలా చొక్కా లోపల వేసుకుంటాం. కార్మెల్ మఠవాసులు నిలువెల్లా వేసుకునే వస్త్రానికి ఇది చిన్న రూపం. వేసుకున్నవాడు మరియతల్లి కొలువులో చేరినట్టు. రోజూ ప్రార్థన చేయాలి, బుద్ధిగా బతకాలి.

సింగపూర్ వచ్చాక ఒక కార్మెల్ మాత పండుగ నాడు, ఇక్కడే క్లెమెంటి పేటలో ఉండి పైచదువు చదువుకునే మా తెలుగు ఫాదర్ దాన్ని నా మెడలో వేశారు. నాది సెంబవాంగ్ షిప్‌యార్డులో స్కాఫోల్డింగ్ పని. ఓడ చుట్టూ ఇనుప పైపులతో అంతస్తుల మీద అంతస్తులు కడతాం.

వారం తిరక్కముందే ఉత్తరీయం సేఫ్టీ ఆఫీసరు కంటపడింది. మెడలో ఏదీ వేలాడకూడదు, ఎక్కడైనా తగులుకుంటే గొంతు బిగుసుకుపోతుంది అన్నాడు. న్యాయమే. అయినా తీయనన్నాను. నాతో జోడీగా పనిచేసే శ్రీకాకుళం బాబాయి, జబ్బకి తాయెత్తు కట్టుకున్న మనిషి, జేబులో పెట్టుకోమని సలహా ఇచ్చాడు. జేబులో పెట్టుకోవడానికి అదేమన్నా బీడీకట్టా? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆఫీసరు మెడలో ఐడీ కార్డు తాడు చూశాను. గట్టిగా లాగితే ఊడిపోయేలా దానికో క్లిప్పు ఉంది. సాయంత్రం డార్మిటరీలో ఉత్తరీయం దారాలు పీకేసి, ఒంటిపోగు నూలుదారం వేసి కుట్టాను. మర్నాడు ఆయనే లాగి చూశాడు. పుటుక్కున తెగింది. సరే, మళ్లీ కుట్టుకుని వేసుకోమన్నాడు.

అప్పటినుంచి తరచూ తెగేది. చొక్కాలోనే జారి నడుం దగ్గర దొరికేది, కుట్టుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, ఓడని నిలిపి నీళ్లు తోడేసే డ్రై డాక్‌లో బాగా ఎత్తున ఉన్నాం. ఉక్కకి పై గుండీలు విప్పుకున్నాను. ఒక పైపు కిందనుంచి దూరుతుంటే మెడ దగ్గర చుర్రుమంది. చూస్తుండగానే దారం తెగి ఉత్తరీయం బయటికి జారి, పలకల సందులోంచి రాలిపోయింది. డాక్ అడుగున అంతా బురదనీళ్లు.

కిందపడకుండా కట్టుకునే హార్నెస్ ఒంటిమీద ఉంది, హుక్కులు తగిలించే ఉన్నాయి, అయినా పట్టుకున్న పైపు వదల్లేకపోయాను. భయం, పచ్చి భయం. బాబాయి తాయెత్తు చూసి లోలోపల నవ్వుకునేవాణ్ణి. నేను వేసుకున్నదీ తాయెత్తులాగేనని అప్పుడు తెలిసింది. నా మీద నాకే ఒళ్లు మండింది. ఎత్తంటే జడుస్తున్నాడని తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. పని పోతే ఈ దేశంలో ఉండే పర్మిట్టూ పోతుంది.

బాబాయి నా మొహం చూశాడు.

"ఏటి, దిగిపోతావేటి? ఇప్పుడు దిగితే మరెక్కలేవురా అబ్బాయ్."

అది నిజమని నాకూ తెలుసు. కళ్లు మూసుకుని మరియతల్లికి చెప్పే మంగళవార్త జపం చెప్పుకున్నాను. భయం తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఆ రోజుకి ఎక్కేది లేదు. "పై అంతస్తు కడదాం పద బాబాయ్," అన్నాను. ఒక హుక్కు తీసి పై పైపుకి తగిలించాను, తర్వాత రెండోది. సాయంత్రం దాకా ఖాళీ మెడతోనే బోల్టులు బిగించాను.

ఆదివారం ఫాదర్‌కి జరిగింది చెప్పి, కొత్త ఉత్తరీయాన్ని మళ్లీ ఆశీర్వదించాలా అని అడిగాను. అక్కర్లేదన్నారు.

"పండుగ నాడు నేను కొలువులో చేర్చుకుంది నిన్ను, గుడ్డని కాదు. గుడ్డ పోతే ఇంకోటి వేసుకో."

ఆయన ఇచ్చిన కొత్తదానికి గట్టి నైలాన్ దారాలున్నాయి. పాత ఆఫీసరు వెళ్లిపోయాడు, కొత్తాయన పట్టించుకోడు, ఈసారి అలాగే ఉంచెయ్యమన్నాడు బాబాయి. ఆఫీసరు ఎవరైనా బిగిసే గొంతు నాదే, నేను విన్లేదు. నైలాన్ కత్తిరించేసి ఒంటిపోగు నూలుదారమే వేసి కుట్టాను. పైన ఉండగా అది మళ్లీ తెగొచ్చు. తెగినా ఎక్కుతాను.