టకోరా మీద నాయనమ్మ ఫిర్యాదు

టకోరా కంపెనీవాళ్లు ఎవరో, ఏ దేశంవాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ల మీద నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. మొదట టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ డబ్బా ఒకటి చేశారు. దాన్నే కాస్త పల్చగా చేసి టకోరా టూ అన్నారు. ఆ తర్వాత పెన్సిల్ సెల్స్‌తో నడిచేలా, జేబులో పట్టేలా చేసి టకోరా పాకెట్ అన్నారు. మూడింట్లోనూ ఒకటే యుద్ధం. సైనికుడు అడవిలో పోతుంటాడు, చెట్ల చాటు నుంచి వచ్చినవాణ్ణల్లా కాలుస్తుంటాడు. పేరు మార్చి అదే యుద్ధాన్ని మళ్లీ మళ్లీ అమ్మారు. మా అన్న మూడూ కొన్నాడు.

అన్న భద్రాచలం దగ్గర సారపాకలో టీవీలు బాగుచేసేవాడు. మా ఊరు అక్కడి నుంచి ఇంకా లోపలికి, అడవి మొదలయ్యే చోట. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. రాత్రి నక్సలైట్ల దళంవాళ్లు వస్తారు, పగలు పోలీసులు వస్తారు. ఇద్దరికీ మేమే అన్నం పెట్టాలి, ఇద్దరి ముందూ మేమే చేతులు కట్టుకోవాలి.

అమ్మానాన్న పోయాక మమ్మల్ని సాకింది నాయనమ్మ. ఇంటికి ఎవరొచ్చినా అన్న మీద ఫిర్యాదు చేయడం ఆమెకు అలవాటు. బడిపంతులైనా సరే, గాజులమ్మే ఆమైనా సరే, "జర నాలుగు పెట్టుండ్రి, అప్పుడన్న మారుతడు" అనేది. వాళ్లు నవ్వి, అన్న నెత్తిన ఉత్తుత్తి మొట్టికాయ వేసి, చాయ్ తాగి పోయేవాళ్లు. ఆ మాటలో ఉన్నది ముద్దేనని మా ఊళ్లో అందరికీ తెలుసు.

ఒక పొద్దున ఊళ్లోకి పోలీసు జీపులు వచ్చాయి. ముందురోజు అడవిలో కాల్పులు జరిగి వాళ్ల మనిషి ఒకడు చనిపోయాడు. ఇల్లిల్లూ తిరిగి కుర్రాళ్ల గురించి అడుగుతున్నారు. ఎస్సై మా వాకిట్లోకి వచ్చేసరికి అన్న పెరట్లో పళ్లు తోముకుంటున్నాడు, నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

"నీ మనవడు ఏం చేస్తడవ్వా?" అని మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదకు నాయనమ్మ పొంగిపోయింది.

"ఏం చేస్తడు సారూ, కాల్చుడే పని! తిండి లేదు, నిద్ర లేదు. నిన్న గూడ గదే. ఏందిరా అంటే, పెద్దోణ్ణి లేపేసిన నాయనమ్మా, ఇగ లోపలికి పోవుడే అంటడు. జేబుల ఒకటి పెట్టుకొని తిరుగుతడు. నేను చెప్తే ఇంటలేడు. మీరన్న నాలుగు పెట్టుండ్రి."

"సారూ, గది టీవీల ఆట!" అని అరుస్తూ పరుగెత్తాను. నా మాట ఎవడికి కావాలి? తుపాకీ మడమతో నెడితే గోడకు కొట్టుకుని పడ్డాను.

నోట్లో వేపపుల్లతోనే అన్నను ఈడ్చుకొచ్చారు. మొదటి దెబ్బకు పుల్ల విరిగింది, దాంతోపాటు పన్ను ఊడింది. "జేబుల ఏముందిరా?" అన్నారు. చూపిద్దామని అన్న జేబులో చెయ్యి పెట్టాడు. ఆయుధం తీస్తున్నాడనుకుని ఒకడు ఆ చేతిని నేలకేసి తొక్కిపట్టాడు, ఇంకొకడు తుపాకీ మడమతో రోట్లో మిరపకాయలు దంచినట్టు దంచాడు. వేళ్లు విరగడం నాకు వినిపించింది. కాళ్ల మీద పడిన నాయనమ్మనూ తన్నారు.

అప్పుడు జేబులోంచి పాకెట్ జారిపడింది. ఎస్సై తీసి మీట నొక్కాడు. సన్నగా సంగీతం, టకటకమని కాల్పులు. ఒక పోలీసు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఎస్సై మా అరుగు మీదే కూర్చుని ఆడటం మొదలుపెట్టాడు.

"అరే, ఈ వాగు ఎట్ల దాటాలెరా?" అని నెత్తురు ఉమ్ముతున్న అన్ననే అడిగాడు.

"రెండు బటన్లు ఒక్కసారే ఒత్తాలె సారూ" అన్నాడు అన్న.

దెబ్బలకన్నా ఆ ప్రశ్ననే నేను ఎక్కువగా అసహ్యించుకుంటాను. పోతూ పోతూ ఎస్సై పాకెట్‌ను తన జేబులో వేసుకుపోయాడు.

భద్రాచలం దవాఖానాలో కట్టు కట్టారు. మూడు వేళ్లు మళ్లీ వంగలేదు. టంకం పెట్టే చెయ్యి అది. టీవీల పని పోయింది.

కట్టు విప్పిన రోజు నాయనమ్మ అన్నం కలిపి అన్నకు ముద్దలు పెడుతూ అడిగింది: "నిజం చెప్పురా. నా మాటకేనా నిన్ను గట్ల కొట్టింది?"

"కాదు నాయనమ్మా. నా పేరుగలోడే దళంల ఒకడున్నడంట. నేనే అనుకున్నరు. నువ్వు ఏమనకున్నా కొట్టేటోళ్లే."

నాకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి పోయింది, పని పోయింది, కనీసం నిజమైనా ఈ ఇంట్లో ఉండొద్దా? "నాయనమ్మా, నువ్వే..." అని నోరు తెరిచానో లేదో, అన్న ఎడమ చెయ్యి నా చెంప మీద పేలింది. అన్న అంతకుముందు నన్ను ఎన్నడూ కొట్టలేదు. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. తలెత్తి చూస్తే అన్న కళ్లలో కోపం లేదు. నన్ను బతిమాలుకుంటున్నాడు.

"ఏమన్నదిరా అది? చెల్లెను ఎందుకు కొట్టినవ్?" అని నాయనమ్మ అన్న మీద లేచింది.

నెత్తురు మింగేశాను.

"నాదే తప్పు నాయనమ్మా. నువ్వు అన్నం పెట్టు" అన్నాను.