రెండో కౌంటర్ ముందు వరుస

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇక రక్షణ సవరణలు రావని తెలిసిన ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి సిస్టమ్స్ ఆఫీసర్‌గా వేశారు. నా ఉద్యోగంలో అదే ఆఖరి పోస్టింగ్. ఇల్లు మలక్‌పేటలోనే కాబట్టి రాకపోకలకు ఇబ్బంది లేదు. మా ఇంట్లో అందరూ గుడిలో అర్చకత్వమో, దఫ్తర్‌లో గుమాస్తాగిరీయో చేసినవాళ్ళే. కంప్యూటర్ల దారి పట్టింది నేనొక్కదాన్నే.

ఆసుపత్రిలో సిస్టమ్స్ ఆఫీసర్‌ది కొంచెం విచిత్రమైన హోదా. డాక్టర్ల వరుసలో చోటుండదు, గుమాస్తాల వరుసలోనూ ఉండదు. జవాబు చెప్పుకోవలసింది నేరుగా సూపరింటెండెంట్‌కు. కింద పనిచేసేది డేటా ఎంట్రీ ఆపరేటర్లు. యంత్రాల మరమ్మతు మాత్రం మా చేతిలో లేదు. ఏడాది ఒప్పందం మీద ఒక ప్రైవేటు సంస్థ చూసేది. ఆ సంస్థ తరఫున శ్రీకాంత్ అనే ఇంజనీరు వచ్చేవాడు. చురుకైనవాడు, మాట తొందర.

నేను చేరిన కొద్ది రోజులకే ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. అన్ని కంప్యూటర్లలోనూ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తదానికి మార్చాలి. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటర్‌లో అన్నిటికంటే అడుగున ఉండి మిగతా ప్రోగ్రాములను నడిపించే మూల వ్యవస్థ. అందులో లొసుగులు బయటపడుతూనే ఉంటాయి. తయారుచేసినవాళ్ళు వాటిని పూడుస్తూ సవరణలు పంపుతుంటారు. ఆ సవరణలు ఆగిపోయాక కూడా పాతదే నడుపుతున్నామంటే, రోగుల వివరాలను తాళం పాడైన గదిలో ఉంచినట్టే. కాబట్టి ఉత్తర్వు సబబైనదే. కొత్త సిస్టమ్‌కు కావలసిన కనీస అర్హతలు మా యంత్రాలకు ఉన్నాయని శ్రీకాంత్ పరీక్షించి సంతకం పెట్టాడు. ఆ ‘కనీస’ అన్న మాటే తర్వాత మా ప్రాణం మీదికి తెచ్చింది.

ఒక ఆదివారం ఓపీ మూసి ఉన్నప్పుడు మార్పిడి పూర్తిచేశాం. అన్నీ తుడిచేసి కొత్తగా వేయడం ఒక పద్ధతి. ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచి, పాతదాని మీదే కొత్తది ఎక్కించడం ఇంకో పద్ధతి. ఉత్తర్వులో ఉన్నది రెండోదే. సాయంత్రానికి అన్ని తెరలూ కొత్త ముఖాలతో మెరిశాయి. సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

సోమవారం ఉదయం నేను గేటు దాటేసరికే వరుస రోడ్డు మీదికి వచ్చి ఉంది. సోమవారం రద్దీ మామూలే గానీ, ఈ వరుస కదలడం లేదు. రిజిస్ట్రేషన్ విభాగంలో సీనియర్ ఆపరేటర్ నఫీసా బేగం నన్ను చూడగానే రెండో కౌంటర్‌లోంచి లేచి నిలబడింది.

“మేడమ్, గిదేంది? కొత్తది ఏసిన్రు గని, గిది కొత్త అల్లుని లెక్క కూసున్నది. పిలిస్తే పలుకతలేదు, ఉలుకతలేదు.”

ఆమె చెప్పింది నిజమే. పేరు కొడితే అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయి. సేవ్ నొక్కితే తెర మీద చక్రం గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. అంతకుముందు పేషెంట్ పేరు, ఊరు చెప్పడం ముగించేలోపే టోకెన్ చీటీ చేతిలో పడేది.

ఇక్కడొక విషయం చెప్పాలి. నొప్పులతో వచ్చినవాళ్ళకు రిజిస్ట్రేషన్‌తో పని లేదు, నేరుగా లోపలికి తీసుకెళతారు. వరుసలో నిలబడేది నెలవారీ పరీక్షలకు వచ్చిన గర్భిణులు. వాళ్ళలో ఎవరి రక్తపోటు పెరిగి ఉందో, ఎవరికి రక్తం తక్కువైందో లోపల పరీక్షించేదాకా తెలియదు. చేత్తో చీటీ రాసిచ్చి పంపుదామంటే అదీ కుదరదు. కంప్యూటర్ ఇచ్చే నంబరు మీదే ల్యాబు, స్కానింగు, మందుల గది అన్నీ నడుస్తాయి.

మర్నాడు కూడా అదే తీరు. జల్‌పల్లి నుంచి కోడలిని తీసుకొచ్చిన ఒక పెద్దావిడ కౌంటర్ కిటికీ పట్టుకుని గట్టిగా అడిగింది. “పొద్దుగాల్నే బస్సెక్కి వచ్చినం. గా డబ్బా నడ్వకుంటే చేత్తోని రాయరాదు? మా పిల్ల నిలబడలేకపోతున్నది.” నఫీసా ఆమెకు సర్దిచెబుతుండగానే ఆ కోడలు వెనక గోడకు ఆనుకుని, అలాగే జారి కింద కూలబడింది. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్ళారు. రక్తపోటు ప్రమాదపు గీత దాటి ఉందట. డాక్టర్లు వెంటనే చేర్చుకున్నారు. తల్లీబిడ్డా ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారని తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంట్ డాక్టర్ సుగుణ మమ్మల్ని పిలిపించారు. ఆమెది మెత్తని గొంతు. ఆ రోజు మాత్రం మెత్తదనం కనబడలేదు. శ్రీకాంత్ ముందుగానే తన నివేదికతో వచ్చాడు. “మేడమ్, మదర్‌బోర్డులే పాతయి. ప్రాసెసర్లు కొత్తదాన్ని గుంజలేకపోతున్నయి. మొత్తం సిస్టములు మార్చుడే దారి,” అన్నాడు. కొత్త యంత్రాలంటే ప్రతిపాదన, మంజూరు, టెండరు. వానాకాలం గడిచినా వస్తాయన్న నమ్మకం లేదు.

“అయితే పాతదే మళ్ళ ఏసేయండి. నాకు ఆడోళ్ళు ఎండల నిలబడొద్దు, గంతే,” అన్నారు సూపరింటెండెంట్.

ఆమె కోపంలో న్యాయం ఉంది. అయినా వెనక్కి వెళితే కొన్ని నెలల్లో ఇంతకంటే పెద్ద ప్రమాదం వచ్చి కూర్చుంటుంది. యంత్రం ఎక్కడ ఆగుతోందో ఇంకా ఎవరూ చూడలేదని, ఆ పని చేయడానికి నాకు శనివారం దాకా గడువు కావాలని అడిగాను. ఆమె సరేనన్నారు. “శనివారం నాకు వొంకలు చెప్పొద్దు,” అని కూడా అన్నారు.

కంప్యూటర్ నెమ్మదించిందంటే చాలామంది ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. అది యంత్రానికి మెదడు; మదర్‌బోర్డు ఆ మెదడునూ మిగతా భాగాలనూ కలిపే పలక. నేను రెండో కౌంటర్‌లో నఫీసా పక్కన కుర్చీ వేసుకుని, ఏ భాగం ఎంత శ్రమ పడుతోందో చూపించే తెరను తెరిచి పెట్టుకున్నాను. మెదడు దాదాపు ఖాళీగా ఉంది. ఊపిరాడకుండా ఉన్నది హార్డ్ డిస్క్. అంటే సమాచారం దాచుకునే అర. మా యంత్రాల్లో ఉన్నవి లోపల పళ్ళెం గిర్రున తిరుగుతూ, చిన్న ముల్లు దాని మీద వెతుక్కుంటూ పనిచేసే పాతరకం డిస్కులు. ఆ ముల్లు ఒక్కటే. దాన్ని ఒకేసారి పదిమంది పిలుస్తున్నారు.

పిలుస్తున్నది ఎవరో ఒక్కొక్కటిగా తేలింది. కొత్త సిస్టమ్ వచ్చిన మొదటి రోజుల్లో ఫైళ్ళన్నిటినీ చదివి, వెతకడానికి వీలుగా సూచిక తయారుచేసుకుంటుంది. అది కొన్నాళ్ళకు దానంతటదే సద్దుమణుగుతుంది. పాత యాంటీవైరస్ అలాగే ఉండిపోయింది. కొత్త సిస్టమ్ వెంట వచ్చిన రక్షణ కూడా పనిచేస్తోంది. ప్రతి ఫైలునూ ఇద్దరు కాపలావాళ్ళు విడివిడిగా సోదా చేస్తున్నారు. పైగా యంత్రాలన్నీ ఓపీ వేళలోనే సవరణలు దిగుమతి చేసుకుంటున్నాయి. పాత యాంటీవైరస్ తీయించి, సవరణలను ఓపీ ముగిశాక వచ్చేలా సర్దాను. తేడా కనిపించింది, కానీ చాలలేదు. “అల్లుడు జర లేచి కూసున్నడు. నడుస్తలేడు,” అంది నఫీసా.

అసలు దారి ల్యాబులో దొరికింది. గురువారం ప్రింటర్ సంగతి చూడటానికి అక్కడికి వెళితే, టెక్నీషియన్ ఏ ఇబ్బందీ లేకుండా రిపోర్టులు తీస్తున్నాడు. ఆ యంత్రం కూడా కౌంటర్లలో ఉన్న రకమే, అదే ఏడాది వచ్చిందే. దానికీ కొత్త సిస్టమే వేశాం. మరి దానికేం ప్రత్యేకత అని శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను. కాసేపు ఆలోచించి చెప్పాడు. నేను రాకముందు దాని డిస్క్ కాలిపోతే, అందుబాటులో ఉన్న ఎస్‌ఎస్‌డీ వేసి అన్నీ కొత్తగా ఎక్కించాడట. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్ళెం, వెతికే ముల్లు లేని డిస్క్. ఎన్ని పిలుపులు వచ్చినా దాదాపు ఒకేసారి పలుకుతుంది.

“అదే మెదడు, అదే మదర్‌బోర్డు, అదే సిస్టమ్. మారింది డిస్క్ ఒక్కటే కదా శ్రీకాంత్?” అని అడిగాను. అతను ఒప్పుకున్నాడు. “మేడమ్, నాకు తట్టలే. ఆదివారం నేనొస్త, చేసి చూద్దాం.” వాదించకుండా వస్తానన్నందుకు అతని మీద నాకు గౌరవం పెరిగింది.

శనివారం సూపరింటెండెంట్ ముందు ఇదే పెట్టాను. ఒక్క కౌంటర్‌లో ఎస్‌ఎస్‌డీ, దాంతోపాటు కొంచెం అదనపు మెమరీ. పాతదాని మీద ఎక్కించడం కాకుండా, ఆ ఖాళీ డిస్క్‌లో అన్నీ మొదటి నుంచి కొత్తగా వేయడం. చిన్న కొనుగోళ్ళు ఆమె అధికారంలోనే ఉంటాయి, టెండరు అక్కర్లేదు. “సోమవారం రద్దీల నడ్వాలె. లేకుంటే పాతదే,” అని సంతకం పెట్టారు.

ఆదివారం శ్రీకాంత్ సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు నుంచి సామాను తెచ్చాడు. రెండో కౌంటర్ యంత్రాన్ని విప్పి, దుమ్ము దులిపి, అన్నీ కొత్తగా వేశాం. పరీక్షకని నఫీసా పేరుతోనే ఒక టోకెన్ తీశాం. చీటీ మీద పేరు ఉండవలసిన చోట ఖాళీ డబ్బాలు అచ్చయ్యాయి. చీటీలకు వాడే తెలుగు ఫాంటు కూడా పాత డిస్క్‌తోపాటే పోయింది. దాన్ని తిరిగి ఎక్కించాక పేరు చక్కగా వచ్చింది. కౌంటర్‌లో వాడే ప్రతి పనినీ ఒకసారి చేసి చూసుకున్నాకే తాళం వేశాం.

సోమవారం వచ్చింది. శ్రీకాంత్ కూడా పొద్దున్నే వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వరుస యథావిధిగా గేటు దాకా ఉంది. నఫీసా కుర్చీలో కూర్చుని, మొదటి పేషెంట్ పేరు కొట్టి సేవ్ నొక్కింది. చీటీ బయటికి వచ్చింది. రెండో పేరు కొట్టింది. మూడోది. తర్వాత ఆమె వేళ్ళు ఆగలేదు.

కొద్దిసేపటికే జనం కనిపెట్టారు. భార్యలతో వచ్చిన మగవాళ్ళలో ఎవరో అరిచారు. “అరె భాయ్, గా రెండో కౌంటర్‌కు పోండ్రి, జల్దీ అయితున్నది!” వరుసలు కలిసిపోయి కాస్త లొల్లి అయింది. సూపరింటెండెంట్ చప్పుడు విని బయటికి వచ్చారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

కరెంటు పోయినా కాసేపు యంత్రాలను నిలబెట్టవలసిన యూపీఎస్ బ్యాటరీలు అప్పటికే బలహీనంగా ఉన్నాయి. అన్ని తెరలూ ఒక్కసారి ఆరిపోయాయి. జనరేటర్ అందుకున్నాక అన్నీ కలిసి మళ్ళీ లేవడం మొదలుపెట్టాయి. మిగతా కౌంటర్లలో చక్రం తిరుగుతూ ఉంది. నఫీసా సీసా ఎత్తి నీళ్ళు తాగి మూత పెట్టేసరికి రెండో కౌంటర్ సిద్ధంగా ఉంది. “ఆవో అమ్మా, పేరు చెప్పు,” అని పిలిచింది.

తక్కిన యంత్రాలు నిలదొక్కుకునేదాకా వరుస మొత్తాన్నీ ఆ ఒక్క కౌంటరే మోసింది. చీటీ అందుకున్నవాళ్ళు అందుకున్నట్టే లోపలికి వెళ్ళిపోతుంటే, ముందు గేటు దగ్గర, తర్వాత మెట్ల దగ్గర, చివరికి కౌంటర్ ముందు నేల కనిపించింది. డాక్టర్ సుగుణ గోడ పక్కనే నిలబడి అదంతా చూశారు. అంతకుముందు సోమవారం భోజనాల వేళ దాటినా తరగని వరుస, ఆ రోజు దానికి చాలా ముందే అయిపోయింది. నఫీసా చేతులు విరుచుకుని, అందరికీ వినబడేలా అంది. “చూసినవా శ్రీకాంత్ భయ్యా? అల్లుడు దౌడ్ తీస్తున్నడు!” శ్రీకాంత్ పగలబడి నవ్వాడు. నేను కూడా హోదా పక్కన పెట్టి నవ్వాను.

సూపరింటెండెంట్ నా దగ్గరికి వచ్చి అడిగింది ఒక్కటే ప్రశ్న. “మిగతయి ఎప్పుడు?”

ఆ తర్వాతి సోమవారానికల్లా అన్ని కౌంటర్లూ మారాయి. కొత్త సిస్టమే ఉంది, రక్షణ సవరణలన్నీ అందుతున్నాయి, రోడ్డు మీదికి వరుస రావడం ఆగింది. శ్రీకాంత్, నేను కలిసి చేసిన పని వివరాన్ని సూపరింటెండెంట్ తన సంతకంతో ప్రధాన కార్యాలయానికి పంపారు. నేను రిటైరయ్యేలోపే మిగతా ఆసుపత్రులకు సవరించిన ఉత్తర్వు వెళ్ళింది. మార్పిడికి ముందు డిస్క్ రకం చూడాలి, తిరిగే డిస్క్ ఉంటే ముందు దాన్ని మార్చాలి, తర్వాతే కొత్త సిస్టమ్ వేయాలి అన్నది అందులో మొదటి అంశం. పురానాపూల్ దగ్గరి ఒక ఆరోగ్య కేంద్రంలో ఆ పద్ధతి ప్రకారం మార్పిడి జరిగిన మర్నాడు నేనే వెళ్ళి చూశాను. అక్కడ ఎవరికీ ఏదీ మారినట్టు తెలియలేదు. ఆపరేటర్ నన్ను అడిగిందల్లా, తెర మీద బొమ్మ ఎందుకు వేరేగా ఉందని.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తర్వాత యంత్రం నెమ్మదిస్తే సిస్టమ్‌ను తిట్టడం, యంత్రాన్ని పారేయడం రెండూ తేలికైన పనులే. ఈ ఉదంతం నాకు నేర్పింది వేరు. మొదటి వారపు తాత్కాలిక భారాన్నీ అసలు లోపాన్నీ విడదీసి చూడాలి. ఏ భాగం అలసిపోతోందో కొలవాలి. అదే రకం యంత్రం ఇంకెక్కడైనా బాగా నడుస్తుంటే ముందు దాని దగ్గరికి వెళ్ళాలి. మందు వేసేది మొదట ఒక్క యంత్రానికి, అదీ అన్నిటికంటే రద్దీ ఉన్న రోజున. ఆ రోజు నిలబడితే మిగతా రోజుల గురించి ఎవరికీ వివరణ ఇచ్చుకోనక్కర్లేదు.